తిరిగి కట్టిన డబ్బు, తిరిగి ఇవ్వని పేరు: విచారానికీ మారుమనస్సుకీ మధ్య నలిగిన ఒక కేసు

సంఘ కౌన్సిలింగ్‌లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. తప్పు చేసిన మనిషి ఏడుస్తాడు, ఒప్పుకుంటాడు, నష్టం కూడా పూడుస్తాడు. పెద్దలు క్షమిస్తారు. కొన్నాళ్లకు అదే మనిషి ముభావంగా, చిరాగ్గా తయారై, చివరికి సంఘం మీదే కోపం పెంచుకుంటాడు. ఎక్కడ తేడా వచ్చిందో ఎవరికీ అంతుపట్టదు. ఈ కేసులో ఆ చోటు స్పష్టంగా బయటపడింది కాబట్టి రాస్తున్నాం. ఇద్దరి అనుమతీ తీసుకున్నాం. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం. ఒకరిని కోశాధికారి అనీ, మరొకరిని సహాయకుడు అనీ మాత్రమే పిలుస్తాం.

నేపథ్యం

కోశాధికారి నడివయసు మనిషి. చాలా ఏళ్లుగా విశ్వాసి, సంఘంలో అందరికీ తలలో నాలుక. ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టేది ఆయనా, సహాయకుడూ. బీరువా తాళాలు ఇద్దరి దగ్గరా ఒక్కోటి ఉండేవి. డబ్బు బ్యాంకులో వేసే పని మాత్రం కోశాధికారిదే. లెక్కపెట్టిన రోజే జమ చేయాలన్న నియమం లేదు. నాలుగైదు రోజులు బీరువాలోనే ఉండిపోయేది. ఆ సందులోనే ఆయన డబ్బు తీయడం మొదలుపెట్టాడు. తర్వాత మరమ్మతుల పేరుతో దొంగ ఓచర్లు కూడా రాశాడు.

వార్షిక లెక్కల్లో మొదట తేలింది లోటు ఒక్కటే. ఎవరు తీశారో తేలలేదు. పెద్దలు కోశాధికారిని పిలిచి తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. "ఇద్దరి దగ్గరా ఉంటుంది" అన్నాడాయన. సర్వసభ్య సమావేశంలో ఆ మాట యథాతథంగా చదివారు. సహాయకుడు ఆ మధ్యే కొత్త బండి కొన్నాడు. అనుమానం ఎటు పోయిందో వేరే చెప్పనక్కర్లేదు. విచారణ అయ్యేదాకా పరిచర్యకు దూరంగా ఉండమని సహాయకుడికి చెప్పారు. కొన్ని వారాలకు ఆయన కుటుంబంతో సహా సంఘం మానేశాడు. వెళ్లిపోవడమే తప్పు చేశాడనడానికి రుజువని చాలామంది అనుకున్నారు.

అసలు సంగతి మరుసటి ఏడాది ఆడిట్‌లో బయటపడింది. నెలల తేడాతో తేదీలున్న మూడు బిల్లుల మీద సీరియల్ నంబర్లు వరుసగా ఉన్నాయి. ఒకే బిల్లు పుస్తకంలోంచి ఒకేసారి చింపిన కాగితాలన్నమాట. ఆ మూడూ కోశాధికారి చేతిరాతే.

వచ్చిన సమస్య

పట్టుబడిన రోజే ఆయన పెద్దల ముందు మోకాళ్లూని ఏడ్చాడు. నెల తిరక్కముందే లోటు మొత్తం కట్టేశాడు. తర్వాతి ఆదివారమే సంఘం ముందు నిలబడి, సాతాను శోధనలో పడ్డానని సాక్ష్యం చెప్పాడు. లూకా 17లో ప్రభువు ఏడుసార్లు క్షమించమన్నాడు కదా అని పెద్దలు అక్కడికక్కడే క్షమించి, సహవాసంలో చేర్చుకున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే.

కౌన్సిలింగ్‌కు వచ్చింది ఆ తర్వాత కొన్ని నెలలకు. నిద్ర పట్టడం లేదన్నాడు. ఇంట్లో గొడవలన్నాడు. "దేవుడు క్షమించాడని అనిపించడం లేదండీ" అన్నాడు. కాసేపటికి గొంతు మారింది. "అంతా కట్టేశాను. ఇంకేం చేయాలి? ఇంకా దొంగని చూసినట్టే చూస్తున్నారు" అన్నాడు. ఈ రెండు మాటలూ ఒకే నోట, ఒకే గంటలో రావడం మొదటి ఆనవాలు.

అంతకన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఇలాంటి మనిషి వచ్చినప్పుడు నిద్ర, ఆకలి, పనిమీద ధ్యాస ఎలా ఉన్నాయో, చనిపోవాలన్న ఆలోచన వస్తోందో లేదో సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. లోకసంబంధమైన దుఃఖము మరణమును కలుగజేయునని 2 కొరింథీ 7:10 అంటోంది. యేసును అప్పగించి, ఆ తర్వాత ఉరివేసుకున్న యూదా విషయంలో అది అక్షరాలా జరిగింది. ఈయన కూడా "నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి మేలేమో" అన్నాడు. ఆ మాట విన్నాక మిగతా పనంతా పక్కన పెట్టి, ఆయన ఒప్పుకోలుతోనే భార్యకు తెలియజేసి, మానసిక వైద్యుడి దగ్గరకు పంపాం. మందులు కొన్ని నెలలు వాడాడు. వైద్యాన్నీ ఆత్మీయ సలహానూ విడివిడిగా, పక్కపక్కనే నడిపించాం. కుంగుబాటును పరిశుద్ధాత్మ ఒప్పింపు (పాపాన్ని దేవుడే లోపల గుర్తుచేయడం) అనుకోవడం ప్రమాదం. మనస్సాక్షి పోటును ఉత్త కుంగుబాటు అని కొట్టేయడమూ అంతే ప్రమాదం. నిద్ర కుదుటపడ్డాక కూడా ఆ పోటు మిగిలి ఉంటే, అప్పుడు దాని సంగతి చూడవచ్చు.

ఆయనకు మిగిలింది.

మాటల్లో కనబడింది

మొదటి సంభాషణల్లో ఆయన వాక్యాలు దాదాపు ఇలా ఉండేవి: "నా పరువు పోయింది." "పిల్లల ముఖం చూడలేకపోతున్నాను." "ఇన్నేళ్ల నా సేవ బూడిదైంది." అన్నీ నిజాలే, అన్నీ బాధలే. ఒక్కదాంట్లోనూ నష్టపోయిన మనిషి లేడు. తప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం వాక్యంలోంచి 'నేను' మాయమైపోయేది: "పొరపాటు జరిగిపోయింది", "పరిస్థితులు అలా వచ్చాయి", "శోధన వచ్చింది". బాధ వచ్చినప్పుడు నేను, తప్పు వచ్చినప్పుడు అది. సలహాదారు చెవి పట్టుకోవాల్సింది దీన్నే. కన్నీళ్ల పరిమాణం చూసి ఏదీ తేల్చలేం. జ్యేష్ఠత్వాన్ని అమ్ముకున్న ఏశావు కన్నీళ్లు విడుస్తూ వెదకినా లాభం లేకపోయిందని హెబ్రీ 12:17 చెబుతోంది.

సహాయకుడి ప్రస్తావన ఆయనంతట ఆయన తేలేదు. మేము అడిగితే, "అనుమానించింది పెద్దలు కదండీ, నేనెప్పుడూ ఆయన పేరు చెప్పలేదు" అన్నాడు. ఆ సంగతిని అప్పటికి నొక్కలేదు, నోట్సులో మాత్రం రాసుకున్నాం. నొక్కితే ఆయన వాదించడం మొదలుపెడతాడు. ఒకసారి వాదించిన మాటను వెనక్కి తీసుకోవడం మనిషికి రెట్టింపు కష్టం.

ఇంకో ప్రశ్న వేశాం: కట్టిన డబ్బు ఎక్కడిది? సాధారణంగా దీన్నెవరూ అడగరు. డబ్బు వచ్చిందన్న ఊరటలో అది మరుగున పడిపోతుంది. కాసేపు నీళ్లు నమిలి, వ్యాపారానికని చెప్పి బావమరిది దగ్గర తెచ్చానన్నాడు. భార్యకు తెలియదు. అంటే ఒక మోసాన్ని పూడ్చడానికి ఇంకో మోసం చేశాడు. పట్టుబడ్డ అవమానం నుంచి ఎంత త్వరగా బయటపడదామా అన్నదే ఆ నెలంతా ఆయన్ని నడిపిందని ఇక్కడ తేలింది.

ఈ దశలో మా అంచనా: ఇది విచారం, అంటే తనకు జరిగిన నష్టానికి పడే బాధ. నష్టపోయినవాడి వైపు మనసు తిరిగే మారుమనస్సు ఇంకా కాదు. విచారం అబద్ధం కాదు, వ్యర్థమూ కాదు. దుష్టుడైన అహాబు రాజు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకుంటే దేవుడు దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు (1 రాజులు 21:27-29). నరకభయంతోనో పాపపు అసహ్యంతోనో పుట్టిన అసంపూర్ణ పశ్చాత్తాపాన్ని కూడా, పాపం చేసే ఉద్దేశం వదిలితే, దేవుని వరంగానే ఎంచాలని 1551లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ చెప్పింది. ప్రొటెస్టెంట్ సంఘాలు ఆ సభతో చాలా విషయాల్లో విభేదించినా, ఈ మెలకువ ఎవరికైనా పనికొస్తుంది. ఆయన భయాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఉన్న తలుపు కూడా మూసుకుపోతుంది.

చేసి చూసినవి, పనిచేయనివి

బహిరంగ సాక్ష్యం మా దగ్గరకు రాకముందే అయిపోయింది. అది ఎందుకు పనిచేయలేదో చెప్పాలి. సంఘం ముందు తొందరగా నిలబెడితే ఆ సభ మొత్తం ఏడ్చే మనిషి చుట్టూ తిరుగుతుంది. జనం ఓదారుస్తారు, కౌగిలించుకుంటారు. ఆ ఊరట ఆయనకు క్షమాపణలా అనిపిస్తుంది. అది దిగిపోయాక మళ్లీ కావాలనిపిస్తుంది. జనం మామూలైపోతే, "వీళ్లు నిజంగా క్షమించలేదు" అనిపిస్తుంది. కోపం పుట్టుకొచ్చేది అక్కడే. పైగా, ఆ సాక్ష్యంలో సహాయకుడి పేరు ఎత్తలేదు. తిరిగి రావాలని ఆశపడ్డ ఆ కుటుంబానికి, తమ ఊసు లేకుండానే కథ ముగిసిందన్న కబురు అందింది.

క్షమాపణ వాగ్దానాల మీద ధ్యానం మేము మొదట ఎంచుకున్న దారి. 103వ కీర్తన, 1 యోహాను 1:9 వంటి భాగాలు. నిద్ర లేని మనిషికి మొదట ఆదరణ కావాలన్నది కారణం. చదివిన సాయంత్రం తేలికపడేవాడు, రెండు రోజులకు మళ్లీ మొదటికొచ్చేవాడు. 1 యోహాను 1:9లో 'ఒప్పుకొనినయెడల' అన్న షరతు ఉంది. ఒప్పుకోని పాపం ఒకటి లోపల కూర్చుని ఉండగా, ఒప్పుకున్న పాపాల క్షమాపణ గురించి ఎంత చదివినా మనసు నమ్మదు. నమ్మకపోవడం ఇక్కడ అవిశ్వాసం కాదు. మనస్సాక్షి సక్రమంగా పనిచేస్తోందనడానికి గుర్తు.

మూడోది ఆయనే తెచ్చుకున్నాడు: ఉపవాసాలు, రాత్రంతా ప్రార్థనలు, ఇంట్లో నేలమీద పడుకోవడం. ఆపమన్నాం. వైద్యుడు కూడా అదే చెప్పాడు. తనను తాను శిక్షించుకోవడంలో ఒక సుఖం ఉంది. అప్పు తీరుతోందనిపిస్తుంది, కానీ అప్పు ఇచ్చినవాడికి చిల్లిగవ్వ అందదు. ఆయన నేలమీద పడుకున్నందువల్ల సహాయకుడికి ఒరిగిందేమీ లేదు.

పనిచేసింది

"నేను పాపము చేసితిని" అన్న మాటను బైబిల్లో ఫరో అన్నాడు, బిలాము అన్నాడు, ఆకాను, సౌలు, దావీదు, యూదా, తప్పిపోయిన కుమారుడు అందరూ అన్నారు. మాట ఒకటే, పర్యవసానాలు వేరు. సౌలు ఆ మాట అన్న వెంటనే పెద్దల ఎదుట తనను ఘనపరచమని సమూయేలును అడిగాడు (1 సమూయేలు 15:30). తప్పిపోయిన కుమారుడు కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకొమ్మని అడగాలనుకున్నాడు. ఒకడు స్థానం నిలుపుకోవాలని చూశాడు, ఇంకొకడు వదులుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. మరి దావీదు? ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించిన ఆయన నోట ఆ మాట వచ్చేలా ప్రవక్త నాతాను చేసిన పనే మాకు దారి చూపింది. నాతాను దావీదుకు ధర్మశాస్త్రం చదివి వినిపించలేదు. ధనవంతుడొకడు పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న కథ చెప్పి, నష్టపోయినవాడి ఇంట్లోకి తీసుకెళ్లాడు. గొఱ్ఱెపిల్ల ఆ పేదవాడి గిన్నెలోది తాగేదని, కౌగిట పడుకునేదని చెప్పాడు. నాలుగంతలు తిరిగి ఇయ్యాలన్న తీర్పు దావీదే ఇచ్చాడు (2 సమూయేలు 12:6). దొంగిలించిన గొఱ్ఱెకు నిర్గమకాండం 22:1 చెప్పిన లెక్క అదే. దావీదుకు ధర్మశాస్త్రం ముందే తెలుసు. ఆయన కళ్లముందు లేనిది నష్టపోయిన మనిషి.

అందుకని కోశాధికారికి ఒక రాతపని ఇచ్చాం. లోటు బయటపడిన సమావేశం నుంచి ఈ రోజు దాకా సహాయకుడి జీవితంలో ఏం జరిగిందో నెలల వారీగా రాయాలి. తెలిసినవి రాయాలి, తెలియనివి తెలియవని రాయాలి. ఒక నియమం: 'నేను', 'నా', 'నాకు' అన్న మాటలు ఆ కాగితం మీద ఎక్కడా రాకూడదు. చేత్తోనే రాయాలి. ఎవరినీ అడిగి తెలుసుకోకూడదు, ఎందుకంటే విచారించడం మొదలుపెడితే ఆ కుటుంబం చెవిన పడుతుంది. వాళ్లకు ఇంకో గాయం అవుతుంది.

మొదటి కాగితం సగం పేజీ కూడా నిండలేదు. "ఆయన బాధపడి ఉంటారు" అన్న వాక్యం నాలుగు రకాలుగా ఉంది, అంతే. దాన్ని తిరిగిచ్చి, బాధ గురించి వద్దు, జరిగినవి రాయమన్నాం. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది? పరిచర్య నుంచి తప్పించాక ఆయన చేసే పనుల్లో ఏవి ఆగిపోయాయి? ఎవరు పలకరించడం మానేశారు?

రెండో కాగితంలో కదలిక వచ్చింది. సహాయకుడు ఆదివారపు బడిలో చెప్పే తరగతి ఆగిపోయింది. ఆయన కూతురు బాప్తిస్మానికి సిద్ధపడుతున్న సమయం అది, వాయిదా పడింది. ముసలి తల్లి మాత్రం ఇంకా ఈ సంఘానికే వస్తూ, చివరి వరసలో కూర్చుని, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోతోంది. ఈ చివరిది కోశాధికారి ప్రతి ఆదివారం కళ్లారా చూస్తున్నదే. రాసేదాకా దానికి కారణం ఏమిటన్నది తనకు తట్టలేదన్నాడు.

ఆ కాగితం చదువుతూ మధ్యలో ఆగి, ఎవరూ అడగని సంగతి చెప్పాడు. తాళం గురించి పెద్దలు అడిగినప్పుడు "ఇద్దరి దగ్గరా" అన్న జవాబు ముందు రోజు రాత్రే ఆలోచించి పెట్టుకున్నదట. అబద్ధం ఆడకుండా అనుమానం మళ్లించే మాట కోసం వెతికాడట. కొత్త బండి సంగతి జనానికి గుర్తుంటుందనీ లెక్కవేశాడట. ఆ మాటలో అక్షరం అబద్ధం లేదు, మొత్తం మాటే అబద్ధసాక్ష్యం. ఇంకొకటీ చెప్పాడు: ఆడిట్‌కు చిక్కని మొత్తం కూడా కొంత ఉంది, అంతకు ముందటి ఏడాదిది. అది ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

మలుపు ఇదే. ఆ రోజు ఆయన పెద్దగా ఏడవలేదు కూడా. పట్టుబడినది ఒప్పుకోవడం విచారంతోనూ జరుగుతుంది. పట్టుబడనిదాన్ని, పైగా తన నష్టానికే దారితీసేదాన్ని, అడక్కుండా బయటపెట్టడం విచారం చేసే పని కాదు.

ఒప్పుకోలు లేఖ

ఇక్కడి నుంచి పని చకచకా సాగినా, ప్రతి అడుగులో జాగ్రత్త కావాల్సి వచ్చింది. మొదట భార్యకు, తర్వాత బావమరిదికి నిజం చెప్పాడు. ఇంట్లో దాపరికం ఉంచుకుని సంఘంలో ఒప్పుకుంటే అది రెండు నాల్కల పనే అవుతుంది. తర్వాత పెద్దలకు ఆడిట్‌కు చిక్కని మొత్తం చెప్పాడు. ఆపైన సహాయకుడికి లేఖ రాయడం.

లేఖ మొదటి ప్రతిలో ఇలా ఉంది: "ఆర్థిక ఇబ్బందుల వల్ల కొన్ని పొరపాట్లు జరిగాయి. మీ మనసు నొప్పించి ఉంటే క్షమించండి. క్రైస్తవ ప్రేమతో నన్ను అర్థం చేసుకుంటారని ఆశిస్తున్నాను." మూడు వాక్యాల్లోనూ లోపమే. మొదటిది సాకు. రెండోదాంట్లోని 'ఉంటే' గాయం తగిలిందో లేదో నిరూపించే బరువును బాధితుడి మీదే వేస్తుంది. మూడోది క్రైస్తవ ప్రేమ పేరుతో ఒత్తిడి: క్షమించకపోతే నువ్వే విశ్వాసివి కాదన్న బెదిరింపు దాని వెనక దాగి ఉంది.

సరిచేయడానికి కొన్ని గీతలు గీశాం. ప్రతి తప్పుకూ కర్త 'నేను' కావాలి. ఏం చేశాడో లెక్కతో సహా ఉండాలి. 'కానీ', 'ఒకవేళ', 'అయినా' ఉండకూడదు. కారణాలు వద్దు, అవతలివాళ్లు అడిగితే అప్పుడు చెప్పవచ్చు. తన బాధ గురించి ఒక్క ముక్క ఉండకూడదు. క్షమాపణ అడగడం కూడా ఈ లేఖలో వద్దన్నాం. ఈ చివరిదాన్ని కొందరు కాపరులు ఒప్పుకోరు, క్షమాపణ అడగడం వినయమే కదా అంటారు. కేవలం మాట తూలిన సందర్భంలో అది సరే. పేరు పోగొట్టిన సందర్భంలో మాత్రం, లేఖ విప్పిన క్షణంలోనే బాధితుడు జవాబు బాకీ పడకూడదు.

చివరి ప్రతి ఇలా తయారైంది: "కానుకల డబ్బు నేను తీశాను. దొంగ ఓచర్లు నేను రాశాను. తాళం ఇద్దరి దగ్గరా ఉందని పెద్దలకు చెప్పింది నేను. అలా చెబితే మిమ్మల్ని అనుమానిస్తారని తెలిసే చెప్పాను. మీరు ఒక్క నోటు కూడా తీయలేదని నాకు మొదటి నుంచీ తెలుసు. మీరు వెళ్లిపోయినప్పుడు నేను నోరు విప్పలేదు. ఈ సంగతి సంఘం ముందు ఎలా, ఎప్పుడు చెప్పాలని మీరు కోరితే అలా చెబుతాను. చెప్పొద్దంటే ఆగుతాను. మీరు దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదు."

లేఖ నేరుగా పంపలేదు. సహాయకుడికి నమ్మకమున్న మరో సంఘపు కాపరి ద్వారా, ఇలాంటి లేఖ ఒకటి ఉంది, చదువుతారా అని ముందు అడిగించాం. వారాలు గడిచాక సరేనన్నాడు. డబ్బు ఏదీ వద్దన్నాడు. సర్వసభ్య సమావేశంలో తన మీద మచ్చ పడింది కాబట్టి అక్కడే చెప్పాలనీ, మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలనీ, దాని నకలు తనకు కావాలనీ అడిగాడు. సభకు మాత్రం రానన్నాడు.

ఒప్పుకోలు ఎంతమంది ముందు అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబుంది. పాపం ఎంత మేరకు పాకిందో ఒప్పుకోలు అంత మేరకు వెళ్లాలి. అంతకన్నా తక్కువైతే దాపరికం, ఎక్కువైతే ప్రదర్శన. డబ్బు సంగతి పెద్దలతో ఆగినా ఆగవచ్చు. అనుమానం మాత్రం సభలో పుట్టింది కాబట్టి సభలోనే చావాలి. సభలో లేఖలోని వాక్యాలే చదివాడు, ఇంకేమీ కలపలేదు. ప్రార్థనకు, ఓదార్పుకు ముందుకు రావద్దని సభ్యులకు ముందే చెప్పి ఉంచాం.

నష్టపరిహారం విషయంలో, సంఖ్యాకాండం 5:7 అసలుకు అయిదవ వంతు కలిపి ఇయ్యమంటుంది. సువార్తలో సుంకపు గుత్తదారుడు జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలిస్తానన్నాడు. ఇవి ఈనాటి సంఘానికి చట్టమా కాదా అన్న చర్చలోకి పోలేదు. తీసినంత తిరిగి కడితే దొంగతనం ఒక వడ్డీలేని అప్పు అయిపోతుందన్న న్యాయం మాత్రం అందులో ఉంది. కొత్తగా బయటపడిన మొత్తానికీ పాతదానికీ కలిపి అయిదవ వంతు చేర్చి నెలనెలా కట్టే పద్ధతి పెట్టుకున్నాడు. ఈసారి అప్పు చేయలేదు. బావమరిది అప్పు వేరేగా తీరుస్తున్నాడు. పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. అది మేలే. ఒక్క దెబ్బలో కట్టేస్తే ముగిసిపోయిందనిపించేదాన్ని, నెలనెలా కట్టడం మర్చిపోనివ్వదు.

పెద్దలు కూడా

కేసులో ఊహించని భాగం ఇది. లేఖ చదివాక పెద్దల్లో ఒకాయన, "మాకప్పుడు తెలియదు కదా" అన్నాడు. కోశాధికారి మొదటి రోజు మాట్లాడిన పద్ధతే ఇదీ. 2 కొరింథీ 7 రాసింది ఒక వ్యక్తికి కాదు, సంఘానికి. అది ఎత్తి చూపాక పెద్దలు ఆలోచనలో పడ్డారు. విచారణ లేకుండా ఒకరిని మాత్రమే పక్కన పెట్టారు. ఇద్దరి దగ్గరా తాళాలుంటే ఇద్దరినీ ఆపాలి కదా! వాళ్లూ విడిగా లేఖ రాశారు, అవే గీతల ప్రకారం.

లెక్కల పద్ధతీ మారింది. బంధుత్వం లేని ఇద్దరు ఆ రోజే లెక్కపెట్టి, నోట్ల వివరం రాసి ఇద్దరూ సంతకం చేసి, సంచికి సీలు వేస్తారు. మరుసటి పనిదినమే జమ. బ్యాంక్ స్లిప్పును లెక్కల పుస్తకంతో నెలనెలా సరిచూసేది లెక్కపెట్టని మూడో మనిషి. ప్రతి ఓచర్‌కూ అసలు బిల్లు, పని జరిగిందని చూసినవారి సంతకం. పశ్చాత్తాపపడిన సంఘం తలుపు తెరిచి పెట్టి మళ్లీ ఇంకొకరిని శోధనలోకి తోయకూడదు.

తర్వాత ఏం గమనించాం

2 కొరింథీ 7:11లో పౌలు ఏడు గుర్తులు చెబుతాడు: జాగ్రత, దోషనివారణకైన ప్రతివాదము, ఆగ్రహము, భయము, అభిలాష, ఆసక్తి, ప్రతిదండన. వీటిని మార్కుల పట్టికలా వాడకూడదు గానీ, ఏడాది పొడవునా గమనించడానికి పనికొస్తాయి. ఈయనలో బాగా కనబడింది జాగ్రత. డబ్బు దగ్గరకు వెళ్లే ఏ పనీ తనకు ఇవ్వొద్దని తానే పెద్దలకు చెప్పాడు. ఆగ్రహం దిశ మారింది. జనం చూపుల మీద ఉన్న కోపం పోయి, దాన్ని తాను చేసినదాని మీదే చూపించాడు. ఎవరో "పాపం, మీరెంత నలిగిపోయారో" అంటే, "నలిగింది నేను కాదండీ" అన్నాడని భార్య చెప్పింది. సహాయకుడి పేరు ఎవరైనా తేలిగ్గా తీస్తే అడ్డుపడుతున్నాడు.

ఎదురుదెబ్బలూ ఉన్నాయి. సభ అయిన కొన్ని వారాలకు, సహాయకుడి నుంచి ఏ మాటా రాకపోయేసరికి, పాత చిరాకు ఒకసారి పైకి తేలింది: "ఇంత చేశాక కూడా..." అన్నాడు. వాక్యం పూర్తి చేయకుండా తనే ఆగాడు. ఇలా అక్కడక్కడా పాత మనసు తలెత్తితే మొత్తం నటనే అనుకోనక్కర్లేదు. విశ్వాసుల జీవితమంతా పశ్చాత్తాపమై ఉండాలన్నది 1517లో సంస్కర్త మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే. చూడాల్సింది చిరాకు వచ్చిందా అని కాదు, వచ్చాక దాన్ని సాగనిచ్చాడా, పట్టుకున్నాడా అని.

బల్లారాధనలో (ప్రభు రాత్రి భోజనంలో) పాలుపొందడం విషయంలో ఆ సంఘపు క్రమం ప్రకారం పెద్దలు కొన్నాళ్లు ఆపి, మినిట్స్ నకలు సహాయకుడికి అందాక అనుమతించారు. అర్పణకు ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి 5:23-24 వాళ్లు ఆధారం చేసుకున్న వాక్యం. అయితే సహాయకుడు సమాధానపడితేనే అన్న షరతు పెట్టలేదు. అలా పెడితే దోషి ఆత్మీయ భవిష్యత్తు బాధితుడి భుజాల మీద పడుతుంది. తనవైపు నుంచి చేయవలసింది చేశాడా అన్నదొక్కటే చూడాలి.

సహాయకుడి కుటుంబం ఇంకో సంఘంలోనే స్థిరపడింది. కూతురు బాప్తిస్మం అక్కడే తీసుకుంది. ఇద్దరూ ఇంతవరకూ ఎదురెదురుగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలని ఎవరూ ఏర్పాటు చేయడం లేదు.

ఇలాంటి కేసు చేపట్టే కాపరులకు

యూదా కూడా 30 వెండి నాణెములు తిరిగి ఇచ్చేశాడు. నిరపరాధ రక్తమును అప్పగించానని సరైన మాటలతోనే ఒప్పుకున్నాడు. ఆ మాట వినాల్సిన యాజకులు, దానితో మాకేమి, నీవే చూచుకొనుమన్నారు (మత్తయి 27:4). విచారంతో వచ్చిన మనిషిని తొందరపడి క్షమించి పంపేయడమూ, నటిస్తున్నావని తరిమేయడమూ రెండూ ఆ యాజకుల దారే. మధ్యలో ఓపిగ్గా కూర్చునేవాళ్లు ఒకరు కావాలి. ఆ ఒక్కరూ బాధితుడికి కూడా సలహాదారు కాకూడదు. ఈ కేసులో ఇద్దరికీ వేర్వేరు మనుషులుండటం వల్లే సహాయకుడు స్వేచ్ఛగా కాదనగలిగాడు.

అదే పాపాన్ని పదేపదే ఒప్పుకుంటూ, ఎంత చేసినా తృప్తి లేని అతిసున్నిత మనస్సాక్షి గలవాళ్లకు ఈ రాతపని ఇవ్వకండి. వాళ్లకు అది గాయాన్ని కెలకడమే అవుతుంది. వాళ్లకు కావలసింది ఇంకా తవ్వడం కాదు. ఒప్పుకున్నదాన్ని మళ్లీ ఒప్పుకోకుండా ఆపడం, అవసరమైతే వైద్యం.

పిల్లల మీద అఘాయిత్యం, లైంగిక హింస, ఇంట్లో కొట్టడం వంటివాటికి ఈ పద్ధతి అసలు పనికిరాదు. అక్కడ మొదటి పని బాధితుల భద్రత, రెండోది చట్టానికి తెలియజేయడం. దోషి మారుమనస్సు గురించి మాట్లాడాల్సింది ఆ రెండూ అయ్యాకే, అదీ బాధితులకు దూరంగా. అలాంటి కేసుల్లో దోషి ఎంత చక్కగా ఒప్పుకోలు రాసినా, బాధితులు తామై అడిగితే తప్ప ఆ కాగితం వాళ్ల చేతికి వెళ్లకూడదు.